జాతర అదిరింది, కథ సాగింది

2024 డిసెంబర్ 5న వచ్చిన ‘పుష్ప 2’ గురించి, అమీర్‌పేట ఏఏఏ సినిమాస్ (హీరోకే వాటా ఉన్న మల్టీప్లెక్స్) నుంచి పంజాగుట్ట మాల్ దాకా రెండు మాటలు వినిపించాయి: జాతర అదిరింది, సినిమా సాగింది. ఆ రెండూ ఒకే నోట వచ్చినా తప్పేమీ లేదు. దర్శకుడు సుకుమార్ ఈసారి కథ కంటే ఘట్టాలనే కట్టారు. దాదాపు 3 గంటల 20 నిమిషాల్లో చీర కట్టిన అల్లు అర్జున్ గంగమ్మ జాతర విడిగా చూసినా నిలుస్తుంది. కానీ మొదటి భాగం చివర పులిలా దిగిన పోలీసు అధికారి షెకావత్ ఇక్కడ నవ్వులాటైపోయాడు, అతనితో పగ తీరాక కథ పుష్ప అన్న కూతురి వైపు మళ్లి మళ్లీ మొదలవుతుంది. వసూళ్లే జవాబు కదా అంటారు. తొలిరోజుల టికెట్ 2021 నాటి మొదటి భాగం మీద నమ్మకంతో తెగుతుంది. తెలంగాణలో ముందురోజు ప్రీమియర్‌కు అదనంగా 800 రూపాయలు పెట్టి జనం కొన్నది ఇంకా చూడని సినిమాను. మరి తర్వాతి వారాల జనం, ముఖ్యంగా హిందీలో? ఇది న్యాయమైన ప్రశ్నే. వాళ్లు ఘట్టాల కోసమే వచ్చారని, అవి దక్కాయని నా లెక్క. 2006లో సముద్రపు దొంగ జాక్ స్పారో రెండో సాహసం ‘డెడ్ మ్యాన్స్ చెస్ట్’ సినిమా కూడా ఇలాగే విమర్శకులను చీల్చి, వంద కోట్ల డాలర్లు దాటి, ముగింపును మూడో భాగానికి వాయిదా వేసింది. ఆ మూడోది మరుసటి ఏడాదే వచ్చింది. మనకు మాత్రం తెర మీద ‘పుష్ప 3’ పేరు పడింది, 2025 జనవరిలో రెండో భాగానికే ఇంకో 20 నిమిషాలు కలిపారు.