పాలిటీ బిట్లతో సరిపెట్టే చదువా ఇది?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో రాజనీతిశాస్త్రమంటే పాలిటీ బిట్లే: అధికరణం నంబరు, సవరణ జరిగిన ఏడాది, నాలుగు ఆప్షన్లు. గ్రూప్స్‌కు చదివే పిల్లలను తప్పుపట్టలేం, పరీక్ష అడిగేదే వాళ్లు చదువుతారు. డిగ్రీ కాలేజీలూ అదే బాట పట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేం. బీఏ రాజనీతిశాస్త్రంలో స్థానిక పాలనపై క్షేత్ర అధ్యయనాన్ని తప్పనిసరి చేయాలి. అభివృద్ధి అధ్యయనాలను దానికి జోడించాలి.

హైదరాబాద్ శివారులోని అల్మాస్‌గూడనే చూడండి. ఒకప్పటి ఈ గ్రామ పంచాయతీ బడంగ్‌పేటలో కలిసింది. 2019లో బడంగ్‌పేట నగరపాలక సంస్థ అయింది, 2020 జనవరిలో తొలి ఎన్నికలు జరిగాయి. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు 18 అంశాలు రాసిచ్చింది. వాటిలో ఎన్ని నిజంగా కార్పొరేటర్ల చేతికొచ్చాయి? 2020 అక్టోబరు వానలకు పక్కనున్న బాలాపూర్‌లో గుర్రం చెరువుకు గండిపడి దిగువ కాలనీలు మునిగాయి. చెరువు ఒక శాఖది, లేఅవుట్ అనుమతి మరొకరిది, నాలా ఇంకొకరిది. జవాబుదారు ఎవరు? ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. ఆ సొమ్ము ఎటు పోతోంది, కాలనీలో లైబ్రరీ ఉందా? ఒక్క సెమిస్టరు ఈ లెక్క వెంటపడిన విద్యార్థికి రాజ్యం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. ఏ గైడూ అది నేర్పలేదు.

ఇక అభివృద్ధి అధ్యయనాలు విదేశాల్లో చదవాల్సిన సబ్జెక్టని కొందరి అభిప్రాయం. కానీ వాటి పాఠాలు ఇక్కడే ఉన్నాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా విస్తరించాయి, ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు పథకం వచ్చింది. ఆ అనుభవమే 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఒక ఆధారం. అదే నేలపై సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు శ్రుతిమించి, 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పు ఎప్పుడు ఆసరా అవుతుంది, ఎప్పుడు ఉరి అవుతుంది అన్నది మన పిల్లలు మన జిల్లాల్లోనే తేల్చాల్సిన ప్రశ్న. ఉస్మానియా ఆచార్యుడు జి. రాంరెడ్డి పంచాయతీరాజ్‌పై చేసిన అధ్యయనాలు ఇలాంటి చదువుకు దారి ఎప్పుడో వేశాయి.

ఉద్యోగాలెక్కడ అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాల్సిందే. బడ్జెట్ చదివి, సర్వే చేసి, నివేదిక రాయగల వారి అవసరం మున్సిపాలిటీలకూ స్వచ్ఛంద సంస్థలకూ పత్రికలకూ ఉంది. బిట్లు మాత్రమే వచ్చినవారికి పోటీ పరీక్ష పోతే చేతిలో ఏమీ మిగలదు. చెప్పేవారెవరన్న అభ్యంతరం మాత్రం గట్టిది. విశ్వవిద్యాలయాల్లో ఏళ్లుగా ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులను ప్రభుత్వం ముందు భర్తీ చేయాలి. క్షేత్ర అధ్యయనానికి మార్కులు, ప్రయాణ ఖర్చులు కేటాయిస్తూ ఉన్నత విద్యామండలి వచ్చే విద్యాసంవత్సరానికే సిలబస్ ఇవ్వాలి.