మోటారు పైకి లాగేముందు

మా ఊళ్ళో బోరు మోటారు ఆగిపోతే వెంటనే దాన్ని పైకి లాగరు. లాగడమంటే మాటలు కాదు. స్టాండు కావాలి, మనుషులు కావాలి, పైపులు ఒక్కొక్కటీ విప్పాలి. పొద్దు గూకేసరికి చేతిలో డబ్బు ఖాళీ. అందుకని మా నాయన ముందు టెస్టు బల్బు పట్టుకొని మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాడు. తరువాత ఫ్యూజులు, ఆ తరువాత స్టార్టరు, ఆపైన కేబులు అతుకులు. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలితేనే మోటారు మీద అనుమానం. ఆయన చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నేనేమో డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. మరి నా కంప్యూటరుకు జబ్బు చేసినప్పుడు నేను చేసిందేమిటి? మొదటి రోజే మోటారు పైకి లాగబోయాను! ఆ సంగతి చెప్పి, దాన్ని పట్టుకొని మన చదువును గురించి నాకు తోచిన రెండు మాటలు మనవి చేయాలనే ఈ వ్యాసం.

హాస్టలు గదిలో ముగ్గురం కలిసి వాడుకొనే పాత కంప్యూటరు ఒకటి ఉంది. దానికి మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమొరీ మార్చాము. పెట్టె, పవర్ సప్లై, పెట్టె వెనకాల ఉన్న ఫ్యాను మాత్రం పాతవే. ప్రాసెసరుతో వచ్చిన కొత్త కూలరును నేనే బిగించాను. స్విచ్ వేయగానే మొదలైంది హోరు! కళ్ళంలో వడ్లు తూర్పారబట్టే ఫ్యాను కూడా అంత గోల చేయదు. ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా ఆ హోరు తగ్గదు. పక్క గదివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు.

షాపుకు ఫోను చేస్తే పవర్ సప్లై, ఫ్యాన్లు అన్నీ మార్చేయమన్నారు. నాలుగు వేల చిల్లర అవుతుందట. ఒక సీనియర్ అన్నగారేమో, ఫ్యాను వేగం తగ్గించే సాఫ్ట్‌వేరు వేసుకొంటే గోల వదులుతుందని సలహా చెప్పాడు. నేను ఇంటికి ఫోను చేశాను, డబ్బు కోసం. నాయన లేదనలేదు. ఒక్క మాట అడిగాడు.

“ఏది పోయిందో తెలిసిందా?”

నా దగ్గర జవాబు లేదు.

“కరెంటు ఆడిదాకా చేరిందో లేదో చూడకుండా మోటారును తిట్టాకురా” అని పెట్టేశాడు.

ఆ రాత్రి సిగ్గుతో మొదలుపెట్టాను. ముందు, అరుస్తున్నది ఏ ఫ్యాను? ప్లగ్గు తీసి, పెట్టె వెనక ఫ్యాను తీగను ఊడదీసి, మళ్ళీ స్విచ్ వేశాను. హోరు సగానికి తగ్గింది గాని పోలేదు. అంటే దోషులు ఇద్దరన్నమాట! తరువాత బయాస్‌లోకి వెళ్ళి అంకెలు చూశాను. ప్రాసెసరు ఏ పనీ లేకుండానే దాదాపు 80 డిగ్రీల వేడిలో ఉంది. వెనక ఫ్యానును తిరిగి తగిలించి చూస్తే, దాని వేగం మాత్రం వేడితో నిమిత్తం లేకుండా ఒకే అంకె దగ్గర నిలబడి ఉంది. శబ్దం ఒక్కటే, కారణాలు రెండు.

మొదటి కారణం తీగల లెక్కలో దొరికింది. పాత ఫ్యానుకు మూడే తీగలు. ఒకటి భూమి, రెండోది 12 వోల్టులు, మూడోది ఫ్యాను తన వేగాన్ని బోర్డుకు చెప్పుకొనే తీగ. కొత్తరకం ఫ్యానుకు నాలుగో తీగ ఉంటుంది. దాని మీద సెకనుకు సుమారు 25 వేల సార్లు వెలిగి ఆరే సంకేతం పోతుంది. ప్రతిసారీ ఎంత భాగం వెలుగుతుందన్నదే ఫ్యాను వేగాన్ని నిర్ణయిస్తుంది. ఈ పద్ధతిని పి.డబ్ల్యు.ఎం. అంటారు. మా కొత్త బోర్డు ఆ పద్ధతిలో ఉంది. నాలుగో తీగ మీద అది “మెల్లగా తిరుగు” అని చెబుతూనే ఉంది. మూడు తీగల ఫ్యానుకు ఆ మాట వినే చెవే లేదు! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. 12 వోల్టులు పూర్తిగా అందుతున్నాయి గనక అది పూర్తి వేగంతో తిరుగుతోంది. బయాస్‌లో ఆ ఫ్యానుకు పి.డబ్ల్యు.ఎం. తీసి డి.సి. పద్ధతి పెట్టాను. అప్పుడు బోర్డు వోల్టేజీనే తగ్గించి వేగం తగ్గిస్తుంది. క్షణంలో శాంతించింది. ఖర్చు? సున్న.

రెండో తప్పు ఫ్యానుది కాదు, నాది. కూలరు నాలుగు మూలల పిన్నుల్లో ఒకటి రంధ్రంలోకి పూర్తిగా దిగలేదు. కూలరు ఒకవైపు లేచి ఉంటే వేడి దానిలోకి ఎట్లా పోతుంది? ప్రాసెసరు కాగిపోతుంటే దాని ఫ్యాను పరుగెత్తడం తన ధర్మమే గదా! కూలరు విప్పి, తుడిచి, కొత్తగా పేస్టు పెసరగింజంత పెట్టి, పిన్నులు ఎదురెదురు మూలలుగా నొక్కాను. వేడి 42 డిగ్రీలకు దిగింది, గది నిశ్శబ్దమయింది. సీనియర్ అన్నగారి సలహా పాటించి ఫ్యాను నోరు నొక్కి ఉంటే ఏమయ్యేది? గోల పోయేది, వేడి మిగిలేది. అటువంటి ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లో తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి, అదీ చాలకపోతే ఆగిపోతాయి. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటరు పగలగొట్టడం లాంటిదది.

ఇక అసలు విషయం. ఈ ఫ్యాను తన వేగాన్ని ఎట్లా లెక్కపెడుతుందో తెలుసా? లోపల హాల్ సెన్సరు ఉంటుంది. అయస్కాంతం దాని ముందు తిరుగుతుంటే సాధారణంగా చుట్టుకు రెండు స్పందనలు వస్తాయి. సెకనుకు 60 వస్తే 30 చుట్లు, అంటే నిమిషానికి 1800. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ఆ ప్రభావాన్ని నేను ప్రయోగశాలలో చేశాను, రికార్డులో రాశాను, మార్కులూ తెచ్చుకొన్నాను. అది నా మంచం పక్కనే రోజూ తిరుగుతున్నదని మాత్రం ఎరుగను!

దీనికి లెక్చరర్లను నిందించబోవడం లేదు. మన ప్రాక్టికల్సు నడిచే తీరే అట్లా ఉంది. పరికరం పనిచేయకపోతే పక్కన పెట్టి ఇంకొకటి ఇస్తారు. ఎందుకు పనిచేయలేదని అడిగే తీరిక ఎవరికీ లేదు. లోలకం ప్రయోగంలో జవాబు 980 అని ముందే తెలుసు గనక, రీడింగులను వెనక నుంచి కట్టుకొచ్చేవాళ్ళు మనలో లేరా? గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పండి. బాగున్నవాటితో సరైన జవాబు రాబట్టడం నేర్చుకొన్నాం. బాగులేనివాటిని ప్రశ్నించడం నేర్చుకోలేదు. సైన్సు అన్నది ఆ రెండో పనే కాదూ?

అనుభవం లేని పిల్లలకు చెడిన వస్తువులు ఇస్తే ఉన్నవి కూడా చెడగొడతారని కొందరంటారు. నిజమే, భయం న్యాయమైనదే. నేనే పిన్ను సరిగా దించలేదు గదా! అయితే అందుకు పద్ధతి ఉంది. ప్లగ్గు తీశాకే చెయ్యి పెట్టాలి. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పగూడదు, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఒకసారి ఒకే మార్పు చేయాలి, చేసినది కాగితం మీద రాయాలి. దీనికి కొత్త పరికరాలూ అక్కరలేదు. పక్కన పడేసిన పాత కంప్యూటర్లు, మీటర్లు చాలు. సెమిస్టరుకు ఒక్క ప్రాక్టికల్లో ఒక చెడిన పరికరం చేతికిచ్చి, “ఇది ఎందుకు నడవడం లేదో నిరూపించు” అని అడగండి. బాగుచేయలేకపోయినా ఫరవాలేదు, కారణం వెదికిన వరుసకు మార్కులివ్వండి. యూనియన్ మిత్రులు వారానికి ఒక సాయంత్రం ఒక గది, నాలుగు స్క్రూడ్రైవర్లు ఏర్పాటు చేస్తే, పూర్వ విద్యార్థులు వచ్చి తమకు తెలిసింది చెబితే, అంతకన్న కావలసిందేముంది?

ఎందుకంటే మనలో చాలామందికి ఆ నాలుగు వేలు చిన్న మొత్తం కాదు. తెలియనితనానికి మనం కట్టే సుంకం చివరికి ఇంటి దగ్గర ఎవరో ఒకరి చెమటలోంచే రావాలి.

మొన్న ఊరికి పోయినప్పుడు నాయనకు ఇదంతా చెప్పాను. ఫ్యాను, మూడు తీగలు, నాలుగో తీగ, అంతా. ఓపికగా విని, “అయితే మోటారు మంచిదేనన్నమాట” అన్నాడు.