ముహాసబా ఒంటరిగా కాదు, జంటగా

డిసెంబర్ నెలాఖరు వస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒకటే బహస్. క్రిస్టియన్ పడోసీకి ముబారక్‌బాద్ చెప్పొచ్చా, వాళ్లిచ్చిన కేకు తినొచ్చా, జనవరి ఒకటి మనదా వాళ్లదా? అది ఆలిములు దలీళ్లతో తేల్చాల్సిన మసలా. నా మాట దాని గురించి కాదు. ఈ షోర్‌లో పడి, వాళ్ల పండగ చివర్లో జరిగే ఒక మంచి పని మన కంటపడట్లేదు. దాని గురించి చెబుతాను.

గుంటూరులో మా పక్క వాటాలో ఒక క్రిస్టియన్ జంట ఉంటుంది. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆవిడ స్టాఫ్ నర్సు. లూథరన్లు. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చినప్పటి నుంచీ లూథరన్లు గుంటూరుకి అజ్‌నబీలు కారు. డిసెంబర్ రాగానే వాళ్ల బాల్కనీలో నక్షత్రం వెలుగుతుంది. తర్వాత కేరల్స్ పాడే పిల్లలు, అరిసెలు, 25న కొత్త బట్టలతో చర్చి. వాళ్ల అరిసెల డబ్బా మా ఇంటికి వస్తుంది, ఈద్‌కి మా షీర్ ఖుర్మా వాళ్లింటికి వెళుతుంది. ఇదంతా మీ వీధిలోనూ ఉండేదే.

31 సాయంత్రం మాత్రం ఆ ఇంట్లో టీవీ మోగదు. భార్యాభర్తలిద్దరూ ఒక డైరీ ముందు పెట్టుకుని కూర్చుంటారని ఆయనే చెప్పారు. ఏడాదంతా దేవుడు చేసిన మేళ్లు ఒక పేజీలో, ఎవరికి ఎంత బాకీ, ఎవరితో మాటలు ఆగిపోయాయి అన్నది ఇంకో పేజీలో. ముందు ఒకరినొకరు క్షమించమని అడుగుతారు. తర్వాత ఫోన్ చేయాల్సిన వాళ్లకి చేస్తారు. ఆ తర్వాతే చర్చికి బయల్దేరతారు. పన్నెండు కొట్టేసరికి అందరూ మోకాళ్ల మీద ప్రార్థనలో ఉంటారు. కొత్త ఏడాదికి ఒక వాగ్దాన వచనం కార్డు తీసుకుని ఇంటికి వస్తారు.

ఈ జాగారానికి పాత తారీఖ్ ఉంది. పద్ధెనిమిదో శతాబ్దంలో జర్మనీ మొరావియన్లు, ఇంగ్లాండులో జాన్ వెస్లీ అనుచరులు దీన్ని రివాజు చేశారు. అమెరికాలో 1862 డిసెంబర్ 31 రాత్రి నల్లజాతి వాళ్లు చర్చిల్లో మేలుకుని కూర్చున్నారు. తెల్లారితే, 1863 జనవరి 1న, లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి రావాలి. గులామీ నుంచి ఆజాదీ కోసం దువా చేస్తూ గడిపిన రాత్రి అది. న్యూ ఇయర్ రాత్రి అంటే బీరు సీసాలూ బైకు రేసులే అనుకునే మన కుర్రాళ్లకి ఈ సంగతి తెలియాలి.

"అయితే వాళ్లని నఖల్ చేయమంటారా?" అని ఎవరైనా అడగొచ్చు. అక్కర్లేదు. వాళ్ల అఖీదా వాళ్లది, మన అఖీదా మనది. పైగా హిసాబ్ మన ఇంటి సరుకే. రేపటి కోసం ఏం పంపుకున్నావో చూసుకోమని సూరా హష్ర్ చెబుతుంది. అక్కడ లెక్క అడగకముందే ఇక్కడ లెక్క చూసుకోమన్నారు హజ్రత్ ఉమర్ (రజి). ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరా 282. అది దేని గురించి? అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసిపెట్టుకోవడం గురించి!

మరి మన ఇళ్లలో ఏం జరుగుతోంది? షబే ఖద్ర్‌లో మర్దులు మస్జిద్‌లో ఏడుస్తారు, ఔరతులు ఇంట్లో జానమాజ్ మీద ఏడుస్తారు. ఇద్దరి తౌబా వేర్వేరు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని "నా వల్ల నీకేమైనా తక్లీఫ్ అయిందా?" అని అడుగుకునే రాత్రి ఏడాదిలో ఒక్కటైనా ఉందా?

మెహర్ సంగతే తీసుకోండి. నికాహ్‌నామాలో ఘనంగా రాయిస్తాం, తర్వాత ఇద్దామంటాం. ముప్ఫై ఏళ్లు గడిచిపోతాయి. చివరికి జనాజా వాకిట్లో ఉండగా, ఇద్దత్ అప్పుడే మొదలైన ఆ బేవాని "మెహర్ మాఫ్ చేశానని చెప్పు" అంటారు పెద్దలు. అంతమంది మధ్య, అంత ఏడుపులో ఆమె ఏం చెబుతుంది? అలా చెప్పించుకున్నది మాఫీయేనా?

అక్కచెల్లెళ్ల విరాసత్ కూడా అంతే. సూరా నిసా వాటాలు తేల్చి చెప్పింది: కొడుక్కి రెండు వంతులైతే కూతురికి ఒక వంతు. మనం మాత్రం "పెళ్లికి ఖర్చు పెట్టాంగా" అంటూ రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లెలి చేత సంతకం పెట్టించుకుంటాం. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో ఆమె పెడుతుంది. అదే డబ్బుతో ఉమ్రాకి వెళ్లొస్తాం. హుఖూఖుల్లాహ్ విషయంలో అల్లాహ్ గఫూర్, రహీమ్. హుఖూఖుల్ ఇబాద్ మాత్రం ఆ మనిషికి తిరిగి ఇవ్వాలి, లేదా ఆ మనిషి మనసారా వదిలేయాలి. ఈ మాట ప్రతి బయాన్‌లో వింటాం. లెక్క కాగితం మీదకి మాత్రం రాదు.

నా సలహా చిన్నది. కొత్త తారీఖు ఏదీ వెతకొద్దు. ఏటా జకాత్ లెక్క కట్టే రోజు మనకి ఉండనే ఉంది. బేగం నగలు బయటికొస్తాయి, తూకం చూస్తారు, రెండున్నర శాతం తేలుస్తారు. ఆ కాగితం మీదే ఇంకో నాలుగు గీతలు గీయండి: మెహర్ ఎంత బాకీ? ఖర్జ్ ఎవరికి ఎంత? బహెన్ల వాటా ఇచ్చామా? ఎవరితో సలాం ఆగిపోయింది? మియాబీవీ ఇద్దరూ కలిసి రాయండి. ఒక్క ఏడాదిలో అన్నీ తీరకపోవచ్చు. మెహర్ నెలకి వెయ్యి చొప్పున ఇచ్చినా ఇచ్చినట్టే. వాటా వెంటనే పంచలేకపోతే, ఫలానా స్థలంలో ఇంత చెల్లెలిదని రాసి ఆమె చేతికివ్వండి.

మీ పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. అబ్బా తన చేత్తో అమ్మీకి మెహర్ ఇవ్వడం చూసిన కొడుకు రేపు తన నికాహ్‌లో ఆ అంకెను ఊరికే రాయించడు.