మానుటకు ముందునాడు

సిగరెట్టు మానుట కష్టమని అందరును చెప్పుదురు. ఆ మానుట ఏనాడు మొదలుకావలెనో చెప్పువారు అరుదు. విడిచిన దినముననే మొదలగునని లోకుల తలంపు. మా అభిప్రాయము వేరు. విడిచెడి దినమున చేయవలసిన పని కొంచెమే. చేయవలసినదెల్ల అంతకు ముందునాడే చేసి యుండవలెను. పలుమారులు ఓడి, కడపట నిలిచిన అనుభవముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ విషయము నెత్తుకొనుటకు కారణము గత విద్యాసంవత్సరము మన కళాశాలలో జరిగిన యొక చిన్న సంఘటన. ద్వారమున కెదురుగా నున్న పాన్ డబ్బా చెంత మా విద్యార్థి యొకడు సిగరెట్టుతో కనబడెను. మేము మందలింపబోగా అతడు తల వంచుకొని, "సార్, మీరు కూడా ఇక్కడే తీసుకుంటారు గదా" అనెను. ఆ మాటలో ధిక్కారము లేదు. ఉన్నచో కోపగించుకొని యుందుము. బదులు చెప్పలేక తరగతికి పోతిమి. ఆనాటి పాఠము 'కన్యాశుల్కము'. చదువు చెప్పుటకు బదులు శిష్యునకు చుట్ట కాల్చుట నేర్పిన గిరీశమును గూర్చి ఆనాడు మేమెట్లు పాఠము చెప్పితిమో మాకే తెలియును.

పొగాకు మన నేలలో పుట్టిన పంట కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో మన తీరమునకు చేరినది. అక్బరు పాదుషా కడపటి దినములలో అసద్ బేగ్ అను కొలువుకాడు బీజాపురమునుండి పొగాకును, హుక్కాను తెచ్చి ఆస్థానమున చూపెను. 1617లో జహాంగీరు పొగత్రాగుటను నిషేధించెను. పాదుషా ఫర్మానా కాగితమున మిగిలినది; పొగ మాత్రము దేశమంతట వ్యాపించినది. పైనుండి వచ్చిన నిషేధము ఒక్కటే చాలదని అప్పుడే తేలినది.

మన తెలుగు గడ్డకు ఈ ఆకుతో గల సంబంధము మరింత దగ్గరిది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకిది కాసులు పండించెడి పంట. 1947లో రాజమహేంద్రవరమున పొగాకు పరిశోధన సంస్థ వెలసినది. 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. హైదరాబాదు నగరమునకు చిహ్నమైన చార్మినారు పేరునే ఒక సిగరెట్టుకు పెట్టుకొంటిమి. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి సంసారము లీడ్చుచున్న స్త్రీలు లెక్కకు మిక్కిలి. వారిలో మన ముస్లిం కుటుంబములవారును ఎందరో గలరు. కనుక పొగాకును నిందించుటకు ముందు ఆ చేతులను తలచుకొనవలెను. బీడీలు చుట్టి కుమారుని చదివించు తల్లి, ఆ కుమారుడు బీడీ కాల్చవలెనని కోరుకొనదు. మా మాట ఆమె కష్టమునకు వ్యతిరేకము కాదు. ఆమె కోరికకు అనుకూలము.

ఇక మా కథ. వరుసగా మూడేండ్లు రంజాను మాసము అడ్డముగా పెట్టుకొని సిగరెట్టు మానుదమనుకొంటిమి. పొగ త్రాగినచో రోజా భంగమగునని ఎల్లరకు తెలియును. సహరీ మొదలు మగ్రిబ్ అజాను వరకు, మన ప్రాంతమున సుమారు పదమూడు పదునాలుగు గంటలు, రోజుకు పది పన్నెండు సిగరెట్లు కాల్చెడి మేము ఒక్కటియు ముట్టక యుండగలిగితిమి. అయినను ఖర్జూరము నోట పెట్టుకొని, గుక్కెడు నీరు త్రాగినదే తడవుగా చేయి జేబులోనికి పోయెడిది. పగలంతయు చేయగలిగిన పనిని రాత్రి రెండు గంటలు చేయలేకపోవుట ఏమి? శక్తి లేకనా? కాదు. శక్తి యున్నదనుటకు ఆ పగలే సాక్షి. నియ్యత్ మనస్సు చేసినది, జేబు చేయలేదు.

నెలవంక కనబడుటకు ముందునాడు మేము చేసిన పని యేదో తలచుకొన్నచో ఇప్పటికిని సిగ్గగును. "రేపటినుండి లేదు గదా" యని ఆనాడు ఒక పెట్టెకు బదులు రెండు పెట్టెలు కాల్చితిమి. అత్యవసరమునకని రెండు సిగరెట్లు పుస్తకముల వెనుక దాచితిమి. ఎవరితోడను చెప్పలేదు, ఓడినచో నవ్వుదురని. అనగా ముందునాడంతయు ఓటమికే ఏర్పాట్లు చేసికొంటిమి.

రోజాకు నియ్యత్ తెల్లవారక పూర్వమే చేయవలెనని మన పెద్దలు నేర్పిరి. మా హిందూ సోదరులలో ఏకాదశి వ్రతము పట్టువారు దశమినాడే ఒంటిపూట భోజనముతో నియమము నారంభింతురు. ఉపవాసము ఒకనాటిది, దాని ఉపక్రమము ముందునాటిది. ఇరువురి పెద్దలును మనుష్యుని స్వభావము నెరిగినవారు. ఆకలి వేసిన తరువాత నిర్ణయము చేయుటకు బుద్ధి మిగులదని వారికి తెలియును. అదే నీతి పొగకును వర్తించును.

వైద్యశాస్త్రము చెప్పుచున్నదియు ఇదియే. సిగరెట్టు పీల్చిన పది సెకండ్లకే నికొటిను మెదడును చేరును. సుమారు రెండు గంటలలో రక్తమునందు దాని పాలు సగమునకు తగ్గును. అప్పుడే మెదడు మరల అడుగును. మానిన తరువాత చిరాకు, నిద్రలేమి, మనస్సు నిలువకుండుట మొదలగు బాధలు మొదటి రెండు మూడు దినములలో తీవ్రముగా నుండి, రెండు మొదలు నాలుగు వారములలో తగ్గిపోవును. ఒక్కొక్క తహతహ సాధారణముగా కొద్ది నిమిషములలో దాటిపోవును. ఆ నిమిషములలో చేతికి సిగరెట్టు అందునా అందదా యన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ముందునాడే సిద్ధపరుపవలెను.

కొందరు "క్రమక్రమముగా తగ్గించుకొందుము" అందురు. మేమును అటులే యనుకొంటిమి. అయితే ఇంగ్లండులో సుమారు 700 మందిపై జరిగి, 2016లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, రెండు వారములపాటు తగ్గించుచు మానినవారిలో నాలుగు వారముల తరువాత నిలిచినవారు నూటికి 39 మంది. ఒక దినము నిర్ణయించుకొని ఒక్కసారిగా మానినవారిలో 49 మంది. ఇరు పక్షములకును సలహా, నికొటిను బిళ్ళల వంటి సహాయము లభించినవి. ఒక్కసారిగా మానుట యన్నది తొందరపాటు కాదనియు, తేదీ గలిగిన నిర్ణయమనియు దీనివలన గ్రహింపవచ్చును.

నాలుగవ యేట ముందునాడు మేము చేసిన ఏర్పాట్లివి. మొదట ఇల్లు, సంచి, కోటు జేబులు వెదకి ఉన్న సిగరెట్ల నన్నింటిని నీటిలో నానవేసి పారవేసితిమి. అగ్గిపెట్టెలు వంటయింటికి చేరినవి. వీడ్కోలు విందు చేయలేదు. రెండవది, ఒక కాగితముపై మేము ఏయే వేళల కాల్చుదుమో వ్రాసికొంటిమి. ఉదయపు చాయ తరువాత, మూడవ పీరియడు ముగియగనే, భోజనానంతరము, జవాబు పత్రములు దిద్దునపుడు. ప్రతి వేళకు ఎదురుగా బదులు పని వ్రాసితిమి. లవంగమో, సోంపో, వరండాలో నాలుగడుగులో. మూడవది, చాయ సగమునకు తగ్గించితిమి. పొగత్రాగువారి శరీరము చాయలోని కెఫీనును త్వరగా హరించును. పొగ మానగనే అదే చాయ అంతకు మించిన ప్రభావము చూపి నిద్ర చెరచును. ఈ సంగతి తెలియక అనేకులు ఆ నిద్రలేమిని కూడ సిగరెట్టు ఖాతాలోనే వ్రాయుదురు. నాలుగవది, వైద్యుని అడిగి నికొటిను బిళ్ళలు తెచ్చుకొంటిమి. రోజా వేళల అవి తగవు గనుక ఇఫ్తారు తరువాతనే వాడితిమి. అయిదవది మాకు అన్నింటికంటె కష్టమైనది. చెప్పితిమి. ఇంట చెప్పితిమి, స్టాఫ్ రూములో చెప్పితిమి, ఆ పాన్ డబ్బా యజమానితో "రేపటినుండి మాకు అమ్మవద్దు భాయీ" యని చెప్పితిమి. అతడు నవ్వి, "ఎన్నోసారి సార్?" అనెను. "నాలుగోసారి" అంటిమి. అబద్ధము చెప్పనందుననే కాబోలు, అతడు తరువాత ఒకనాడు మేమడిగినను ఇయ్యలేదు.

మరుదినము ఇఫ్తారువేళ దస్తర్‌ఖానుపై ఖర్జూరముల ప్రక్కన మా అమ్మ చిన్న గిన్నెలో సోంపు, ఏలకులు ఉంచినది. ఏమియు అనలేదు. ఈ వ్యాసము వ్రాయునాటికి పదునాలుగు మాసములు గడచినవి. గెలిచితిమని చాటుటకు మాకు ధైర్యము చాలదు. నేటికి నిలిచితిమి, అంతే.

విద్యార్థులకు ఒక మాట. రోజుకు రెండు మూడే గదా, ఎప్పుడైనను మానగలమని మీరు తలంచుచున్నారు. మీ యీడున మేమును అటులే తలంచితిమి. బ్రిటనులో వైద్యులనే ఏబది యేండ్లపాటు పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితము ప్రకారము, జీవితమంతయు పొగత్రాగినవారు సగటున పదేండ్ల ఆయువు కోల్పోయిరి. ముప్పదియవ యేట మానినవారు ఆ నష్టమును ఇంచుమించు పూర్తిగా తప్పించుకొనిరి. నలుబదియవ యేట మానినవారికి తొమ్మిదేండ్లు దక్కినవి. అరువదియవ యేట మానినవారికి మూడేండ్లు. ఇరువదియేండ్ల మీ చేతిలో నున్న మూలధనము మా చేతిలో లేదు. ఇక సిగరెట్టుకు బదులని కొందరు రహస్యముగా సంపాదించెడి ఎలక్ట్రానిక్ సిగరెట్లను 2019లోనే మన దేశమున నిషేధించిరి. వాటిలోను సాధారణముగా ఉండునది ఆ నికొటినే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము. సిగరెట్టుతో పట్టుబడిన విద్యార్థికి జరిమానా విధింపవలెనను ప్రతిపాదన యున్నట్లు వింటిమి. క్రమశిక్షణ అవసరమే. కాని జరిమానా చెల్లించిన కుర్రవాడు ద్వారము నుండి ఇంకొక సందు దూరము పోయి కాల్చును. జహాంగీరు నాటినుండి జరిగినది ఇదియే. పైగా ఆ జరిమానా స్టాఫ్ రూము కిటికీలో నున్న బూడిద పళ్ళెమునకు కూడ వర్తించునా? వర్తింపనిచో విద్యార్థి దానిని చట్టమని యనుకొనడు, పక్షపాతమనుకొనును. 2003 నాటి చట్టము విద్యాసంస్థకు వంద గజముల లోపల పొగాకు అమ్మరాదని చెప్పుచున్నది. ఆ చట్టమును మన ద్వారము చెంత అమలు జరిపించుట కమిటీ చేయదగిన మొదటి పని. ఆ డబ్బా యజమాని మనకు ఇరుగుపొరుగువాడే. అతని పొట్ట కొట్టక, చాయ, బిస్కట్లు, నోటుపుస్తకములు అమ్ముకొనుటకు తోడ్పడుట రెండవది. మూడవది, మానదలచిన విద్యార్థి, ఉపాధ్యాయుడు, ప్యూను ఎవరైనను భయపడక వచ్చి చెప్పుకొనుటకు వారమున కొక గంట కేటాయించి, జరిమానాకు బదులు సహాయము చేయుట. 1800112356 అను ప్రభుత్వ ఉచిత దూరవాణి సంఖ్యను నోటీసు బోర్డుపై తెలుగునను, ఉర్దూనను వ్రాయించుటకు సుద్దముక్క చాలును. ఆ గంటకు మేము కూర్చుండుటకు సిద్ధము.

మానుదమని తలచుచున్న మిత్రులారా, "రేపు మానుదును" అన్నంతమాత్రమున చాలదు. ఈనాడు ఏమి చేసితినని సాయంకాలము మిమ్ము మీరే అడుగుడు. జేబులు ఖాళీ చేసితిమా? ఒక్కరికైనను చెప్పితిమా? అవును అన్నచో, మీ రేపు సగము గడచినట్లే. ఆనాడు మమ్ము ప్రశ్నించిన విద్యార్థి ఈ సంచిక చదువునని మాకు తెలియును. అతనికి ఆనాడు ఇయ్యలేని బదులు ఇది. అతడు మానదలచిన దినమునకు ముందునాటి సాయంకాలము, స్టాఫ్ రూములో మాకొరకు అడుగవలెనని కోరుచున్నాము.