వెన్నెల గాయించిన కెమేరా

1957లో వెలువడిన "మాయాబజార్" చిత్రమందలి నౌకావిహారపు వెన్నెలను మెచ్చనివారు మనలో నరుదు. నటీనటుల పేర్లు తడుముకొనక చెప్పుదుము. ఆ వెన్నెలను కెమేరాతో గల్పించిన మార్కస్ బార్ట్లే పేరు నెందఱ మెఱుగుదుము?

పోలండు దేశమున 1993లో నారంభమైన "క్యామెరిమేజ్" అంతర్జాతీయ చలనచిత్రోత్సవము ఈ లోపమును దీర్చుచున్నది. అచట పెద్దపీట తారలకు గాదు, ఛాయాగ్రాహకులకే. బహుమానము బంగారు కప్ప!

ఈ విద్య పురుషులకే చెల్లునందురు కొందఱు. 1985లో "చిన్నవీడు" అను తమిళచిత్రమునకు ఛాయాగ్రహణము నిర్వహించి, బి. ఆర్. విజయలక్ష్మిగారా మాటను వమ్ముచేసిరి.

మా మార్కాపురము పలకలకు బేరుగన్నది. చిత్రీకరణమున కెమేరా యెదుట ముందుగా బట్టునదియు పలకయే గదా! పలకపై నక్షరములు దిద్దిన మార్కాపురము, గిద్దలూరు బాలిక రేపు కెమేరా గోరినచో, తల్లులారా, వలదనకుడని వేడుచున్నాము.