పసితలను ఒత్తొద్దు

చౌటుప్పల్ పల్లెల్లో అమ్మమ్మలు కాళ్లు చాపుకొని, పసిబిడ్డను వాటిపై పడుకోబెట్టి తానం పోస్తారు. మెత్తటి నూనె మర్దన మంచిదే. తల గుండ్రంగా రావాలని ఒత్తడం, పట్టేసిన మెడను గుంజడం మాత్రం ప్రమాదం.

శిశువులను బోర్లా పడుకోబెట్టొద్దని 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. ఆ తర్వాతి ఏళ్లలో నిద్రలో ఆకస్మిక మరణాలు దాదాపు సగం తగ్గాయి. అయితే వెల్లకిలా పడుకోవడంతో తల వెనుక చదునుబారడం పెరిగింది. దాంతో హెల్మెట్లు, ఎముకలు సర్దే వైద్యాల వాడకం పెరిగింది. ఒక మోస్తరు చదునుకు హెల్మెట్‌తో అదనపు మేలు లేదని 2014లో నెదర్లాండ్స్ పరిశోధన తేల్చింది.

ఇక పట్టేసిన మెడకు మొదటి దారి ఫిజియోథెరపీయే.

బిడ్డను వెల్లకిలానే నిద్రపుచ్చాలి. మేల్కొన్నప్పుడు పెద్దల కళ్లెదుట బోర్లా ఆడించాలి. ఎప్పుడూ తల ఒకేవైపు తిప్పే బిడ్డను ఆశ కార్యకర్తలు గుర్తించి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి.