108 వచ్చేలోపు మీరు చూసిందే కీలకం

రోడ్డు మీద బైకు జారి ఒకరు పడిపోయారు. క్షణాల్లో జనం మూగారు. ఒకరు లేపి కూర్చోబెడుతున్నారు. ఇంకొకరు నోట్లో నీళ్లు పోస్తున్నారు. మరొకరు ఆటో ఎక్కించేయమంటున్నారు. అందరిదీ సాయం చేయాలన్న తపనే. కానీ మెడకో, తలకో దెబ్బ తగిలి ఉంటే ఈ మూడూ ప్రాణం మీదికి తెచ్చేవే.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం పోగొట్టడానికి 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. సదుద్దేశంతో ఆదుకున్నవారికి రక్షణ కల్పించారు. పేరు, చిరునామా చెప్పి తీరాలని పోలీసులు బలవంతపెట్టకూడదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు రహిత చికిత్స అందుతుంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ ఎలాగూ ఉంది. ఇన్ని ఉన్నా అంబులెన్స్ వచ్చేదాకా గడిచే ఆ కొద్ది నిమిషాలు మాత్రం పక్కనున్నవారి చేతుల్లోనే ఉంటాయి.

అంబులెన్స్ సిబ్బంది రాగానే ముందుగా రోగిని ఒక వరసలో పరిశీలిస్తారు. ఆ వరస మీరూ నేర్చుకోవచ్చు.

మొదట మీ భద్రత: వచ్చే వాహనాలు, తెగిన కరెంటు తీగలు, కారిన పెట్రోలు చూసుకున్నాకే దగ్గరికి వెళ్లండి.

రక్తం: ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. తడిసిందని తీసేయకండి, దానిపైనే ఇంకో గుడ్డ వేసి నొక్కండి.

స్పృహ: భుజం తట్టి పిలవండి. మామూలుగా మాట్లాడుతున్నారా, పిలిస్తేనే పలుకుతున్నారా, అసలు చలనమే లేదా?

శ్వాస: పది సెకన్లలోపు ఛాతీ కదలికను గమనించండి. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగశ్వాస తీయడం శ్వాస కిందికి రాదు. స్పృహ లేక, శ్వాస కూడా సరిగా లేకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ సీపీఆర్ చేయండి.

శ్వాస సరిగా ఉంటే తల, మెడ కదలనివ్వకండి. హెల్మెట్ లాగేయకండి. మంటల్లాంటి ముప్పు ఉంటే తప్ప మనిషిని అక్కడి నుంచి జరపకండి.

ఆ తర్వాత రెండు మూడు నిమిషాలకోసారి స్పృహ, శ్వాస మళ్లీ చూడండి. దెబ్బ తగిలిన టైము గుర్తుపెట్టుకోండి. 'పడగానే మాట్లాడారు, పది నిమిషాలకు మత్తుగా అయిపోయారు' అన్న మీ ఒక్క మాట తలలో రక్తస్రావం కావచ్చని వైద్యుల్ని అప్రమత్తం చేస్తుంది. స్కానింగ్ ఇప్పటి స్థితిని చూపుతుంది. అప్పటి సంగతి అక్కడున్న మీకే తెలుసు.

ఇది రోడ్డుకే పరిమితం కాదు. బాత్రూంలో జారిపడిన నాన్నగారికీ ఇదే వరస. ఆయన రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ తప్పక చెప్పాలి. మాత్రల చీటీ ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసా? ఈరోజే ఒకసారి చూసుకోండి.